వంకర తీసిన చక్రాలు

సోనాలి చేసే పని గుద్దడం. బంతి పట్టుకుని వస్తున్నవాడి చక్రాల కుర్చీని తన చక్రాల కుర్చీతో ఢీకొట్టాలి. తన కుర్చీ ముందున్న ఇనుప కొక్కేన్ని వాడి చక్రంలో ఇరికించాలి. వాడు ఎంత గింజుకున్నా వదలకూడదు. ఇందుకు ఆమెకు కప్పులూ శాలువాలూ ఇస్తారు. ఇదే పని కళ్యాణ్ నాకా రోడ్డు మీద చేస్తే ఏమిస్తారో భివండీలో బండి నడిపే ఎవర్నడిగినా చెబుతారు.

ఆ ఆట పేరు వీల్‌చైర్ రగ్బీ. మెడ దగ్గర వెన్ను దెబ్బతిని, కాళ్లతో పాటు చేతుల్లోనూ బలం తగ్గినవాళ్లు ఆడతారు. ఆడామగా ఒకే జట్టు. కోర్టులో నలుగురు, ఒక బంతి. దాన్ని ఒళ్లో పెట్టుకుని అవతలి గీత దాటితే గోల్. ఒంట్లో మిగిలిన బలాన్ని బట్టి ఒక్కొక్కరికి అర నుంచి మూడున్నర దాకా పాయింట్లు వేస్తారు. సోనాలిది ఒక పాయింటు. ఆమె వేళ్లు ముడుచుకోవు, అరచేతి అడుగుభాగంతో చక్రాన్ని తోస్తుంది. మూడు పాయింట్లవాళ్లు గోల్స్ కొడితే, ఒక పాయింటువాళ్లు వాళ్లకు దారి చేస్తారు, ఎదుటివాళ్లకు దారి మూస్తారు. అందుకే ఆరేళ్లుగా మహారాష్ట్ర జట్టులో ఆడుతూ, రెండుసార్లు మంచి డిఫెండర్ అని కప్పు తెచ్చుకున్న సోనాలి ఇప్పటిదాకా కొట్టిన గోల్స్ సున్నా.

ఈ సున్నా కనేరి గల్లీలో ఎవరికీ మింగుడుపడదు. బీడీలు చుట్టే అరుగు మీద పక్కింటి యమునాబాయి ఊరుకోదు కదా.

"ఏంది కనకవ్వా, పుణేల నీ బిడ్డ ఎన్ని గోల్లు కొట్టింది?"

"మస్తు కొట్టింది" అనేది సోనాలి తల్లి కనకవ్వ, బీడీ ఆకు మీంచి కన్నెత్తకుండా. "లెక్కెవరు వెట్టిండ్రు?"

కనకవ్వ దృష్టిలో అది అబద్ధం కాదు. బిడ్డ పొద్దున వెళ్లి, సాయంత్రం ఒళ్లంతా హూనం చేసుకుని, నవ్వుతూ వచ్చిందంటే ఏదో ఒకటి కొట్టే ఉంటుందని ఆమె నమ్మకం.

తండ్రి బుచ్చిరాములు మాత్రం ఆ మాటే ఎత్తడు. ఆయన సాంచాల మేస్త్రి. సాంచా అంటే మరమగ్గం. తాతల కాలంలో సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి కనేరిలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. ఒకే కార్ఖానాలో నలభై సాంచాలను ముప్పై ఏళ్లుగా ఆయనే బాగుచేస్తున్నాడు. నలభై సాంచాలు ఒక్కసారి మోగుతున్నప్పుడు పక్కవాడి అరుపే వినపడదు. ఆయన మాత్రం గుమ్మంలో నిలబడి "పదిహేడో నంబర్ల బోల్టు వదులైంది" అంటాడు. వెళ్లి చూస్తే వదులయ్యే ఉంటుంది. జేబులో దువ్వెన లేకుండానైనా బయటికి వస్తాడేమోగానీ రసమట్టం లేకుండా రాడు. సాంచా కాళ్లు ఒక్క వెంట్రుకంత ఎత్తుతగ్గు ఉన్నా గుడ్డ వంకరపోతుందని ఆయన సిద్ధాంతం. పెళ్లికి వెళితే పందిరి గుంజలకు కూడా లెవల్ పెట్టి చూసి, పెళ్లివారి మొహం మీదే పెదవి విరిచిన ఘనుడు.

అట్లాంటి మనిషి చేతికి కూడా లొంగని పని ఒకటి తొమ్మిదేళ్ల కిందట వచ్చిపడింది. అప్పుడు సోనాలికి పందొమ్మిది. తండ్రికి అన్నం డబ్బా ఇద్దామని కార్ఖానాకు వెళ్లి, కండెల పెట్టె కోసం అటక ఎక్కింది. నిచ్చెన జారింది. పడింది ఆరడుగుల ఎత్తు నుంచే; మెడ మీద పడింది. ముంబయి ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని అరగంట చెబితే, బుచ్చిరాములు అంతా విని, "మల్ల సక్కగైతది గద సార్?" అని ఒకటే అడిగాడు. కాదన్నారు. ఆ రోజు ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు కనకవ్వ ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాత ఇల్లంతా సోనాలి కోసమే తిరిగింది. బుచ్చిరాములు గడప పీకేశాడు. వాకిట్లో రేకుల వాలు వేశాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఇనుప గొట్టం బిగించాడు, అదీ ఎడమ గోడకు. ఆమెకు కాస్త బలం ఉన్నది కుడి చేతిలో. అడిగితే కదా తెలిసేది! చుట్టాలెవరైనా "చాయ్ తాగుతవా సోనాలీ?" అంటే కనకవ్వ "ఇప్పుడే తాగింది" అనేది. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అంటే బుచ్చిరాములు తన మెడ పట్టుకుని చూపించేవాడు. జడ వేయడం కష్టమని ఓ పొద్దున జుట్టు భుజాల దాకా కత్తిరించేశారు. అంతా ప్రేమే. ఆ ప్రేమలో సోనాలికి మూడేళ్లు ఊపిరాడలేదు.

ఆమెను అందులోంచి బయటికి లాగినవాడు భీమ్‌రావు. నిజామాబాద్ దిక్కు మనిషి. ముప్పై ఏళ్లు ముంబయి నీళ్లు తాగి, తెలుగూ హిందీ కలిపి చాయ్‌లాగా కాచి పోస్తాడు. ఒకరోజు ఆసుపత్రి వరండాలో తన చక్రాల కుర్చీలో వచ్చి, సోనాలి కుర్చీని ధడేల్మని గుద్ది, అయ్యో అనైనా అనకుండా వెళ్లిపోయాడు.

"ఓ అంకుల్! కండ్లు కనవడ్తలేవా?" అని అరిచింది సోనాలి.

ఆయన వెనక్కి తిరిగి, వచ్చి, మళ్లీ గుద్దాడు. మూడేళ్లుగా అందరూ తనను గాజుసామానులా పట్టుకుంటుంటే ఈ ముసలాయనకేం పొగరు! ఆమెకు ఒళ్లు మండిపోయింది. వరండా చివరిదాకా వెంటబడి, ఉన్న బలమంతా పెట్టి వెనకనుంచి ఒక్కటిచ్చుకుంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం.

"చోట్ లగీ క్యా?" అన్నాడు భీమ్‌రావు నవ్వుతూ. "లేదు గదా? ఇత్వార్ నాడు పూర్ణాకు రా. గిట్లనే గుద్దుకుందాం, పర్ కాయిదాతోని."

పూర్ణాలో గోడౌన్లు వరసగా ఉంటాయి. ఖాళీగా ఉన్న ఓ గోడౌన్‌ను భీమ్‌రావు ఆదివారాలకు అడిగి పెట్టుకున్నాడు. నున్నటి సిమెంటు నేల, ఫ్యాన్లు లేవు, పావురాలు మస్తు. సోనాలి అక్కడ ఆట నేర్చుకుంది. ఆ పక్క గోడౌన్ ఆఫీసులోనే కంప్యూటర్ మీద సరుకు వివరాలు ఎక్కించే ఉద్యోగమూ దొరికింది. ఇప్పుడు సాయంత్రాలు వరాలా తలావ్ గట్టు చుట్టూ తన కుర్చీ తానే తోసుకుంటూ నాలుగు చుట్లు కొడుతుంది. వెనకనుంచి తోస్తామని ఎవరైనా వస్తే ఆమె చూసే చూపుకు వాళ్లే పక్కకు తప్పుకుంటారు.

బుచ్చిరాములు ఈ ఆరేళ్లలో ఒక్క ఆటకూ రాలేదు. "గుద్దుకునుడు గూడ ఆటనేనా? నేను సూడ. నా పానం ఆగది" అనేవాడు.

ఈ ఏడు సోనాలికి ఇరవై ఎనిమిది నిండాయి. వర్షాలు తగ్గాక కబురొచ్చింది: ఇండియా క్యాంపుకు పన్నెండుమందిని తీసుకుంటారట, ఎంపిక ఆదివారం థానేలో. దేశం నలుమూలల నుంచి ముప్పైమంది వస్తారు. రెండేళ్ల కిందట ఇదే ఎంపికలో సోనాలి పదమూడోదై ఆగిపోయింది. పాత కుర్చీ చక్రం ఆట మధ్యలో ఊడింది. ఈసారీ రాకపోతే వెనక కుర్రపిల్లలు వరసలో ఉన్నారు; మళ్లీ పిలుపు వస్తుందన్న నమ్మకం లేదు. పైకి జోకులేస్తూ తిరిగింది గానీ వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

ఒక ట్రస్టువాళ్లు ఆమె కొలతలతో కొత్త కుర్చీ చేయించి ఇచ్చారు. ఎవరి కొలతలూ కాని పాతది నాసిక్‌లో ఆట మొదలుపెట్టిన ఓ పిల్లకు పోయింది. కొత్తదానిలో రెండు వారాలు పూర్ణాలో ఆడి చూసుకుంది. ఒంటికి అతికినట్టు కుదిరింది. ఆదివారం కనేరి నుంచే టెంపోలో వెళ్లాలి కాబట్టి గురువారం దాన్ని ఇంటికి తెచ్చి, చోటు చాలక తండ్రి కార్ఖానాలో ఓ మూల పెట్టింది. ఆట కుర్చీ బుచ్చిరాములు కంటబడడం అదే మొదటిసారి.

ఆట కుర్చీ చక్రాలు నిటారుగా ఉండవు. పైన నడుము దగ్గరికి వంగి, కింద బాగా ఎడంగా పరుచుకుని ఉంటాయి. అట్లా ఉంటేనే కుర్చీ గిర్రున తిరుగుతుంది, పక్కనుంచి ఎంత గుద్దినా బోర్లాపడదు. ఇది ఆడేవాళ్లకు తెలుసు. బుచ్చిరాములుకు తెలిసింది ఒక్కటే, రెండు చక్రాలూ వంకర.

ఆయన మనసు చివుక్కుమంది. బిడ్డకు ఎవడో పాడైన మాలు అంటగట్టాడు! మరునాడు శుక్రవారం, కార్ఖానాకు సెలవు. సోనాలి ఉద్యోగానికి వెళ్లగానే కుర్చీని చేతిబండి మీద వేసుకుని అంకుశం లేత్ షాపుకు తీసుకుపోయాడు. అంకుశం కాస్త ఆలోచనపరుడు.

"రాములన్నా, రెండు దిక్కుల ఒక్కతీరుగ వంగినయ్. కావాల్నని పెట్టిరేమో? బిడ్డనొక్క మాట అడగరాదు?"

"ఆమెకేం ఎరుక మిషన్ పని! నువ్ తిప్పు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు. చక్రాల ఇరుసును వాలుగా పట్టుకునే రెండు బుష్షులు తీసేసి, లేత్ మీద నిటారు బుష్షులు చేసి బిగించారు. పాతవాటిని అంకుశం తుక్కులో వేశాడు. సాయంత్రానికి భంగార్‌వాడు వచ్చి ఊడ్చుకుపోయాడు. బుచ్చిరాములు చక్రం మీద రసమట్టం పెట్టాడు. బుడగ సరిగ్గా నడుమ నిలిచింది. తొమ్మిదేళ్లలో ఆయన అంత తృప్తిగా ఊపిరి పీల్చుకున్నది ఆ ఘడియే. పనితనం మీద మనసుపడి, దసరాకు సాంచాలకు పెట్టినట్టు చక్రాలకు పసుపు కుంకుమ పెట్టి, మగ్గం మీంచి అప్పుడే దిగిన తెల్లగుడ్డ చుట్టబెట్టి దారంతో కుట్టేశాడు.

శనివారం సోనాలి గుడ్డ చూసి "ఏంది బాపూ గిది?" అంది.

"పూజ చేసిన. గ్రౌండుకు పోయినంకనే ఇప్పు. నేను గూడ వస్తున్న రేపు."

తండ్రి ఆటకు వస్తానన్నాడు! సోనాలికి ఇంకేమీ వినబడలేదు. ఆ సంతోషంలో గుడ్డ సంగతే మరిచింది.

ఆదివారం పొద్దున థానే హాల్లో భీమ్‌రావు చాకుతో కుట్లు తెంపాడు. గుడ్డ జారింది. చక్రాలు రెండూ పెళ్లిపందిరి గుంజల్లా తిన్నగా నిలబడి ఉన్నాయి. భీమ్‌రావు చాకు కింద పెట్టేశాడు. సోనాలి ఓసారి కళ్లు మూసి తెరిచింది.

"బాపూ... ఏం జేసినవ్?"

"వంకరుండె బిడ్డా. సక్కగ జేసిన" అన్నాడు బుచ్చిరాములు మెరిసే మొహంతో. "కావాల్నంటే లెవల్ వెట్టి సూస్కో."

"వంకరనే ఉండాలె బాపూ! గట్లుంటెనే తిర్గుతది, గట్లుంటెనే పడదు. పాతయి ఏవి?"

"భంగార్ల ఏసినం."

వినాయకుణ్ణి చేయబోతే కోతయింది. ఇంకో కుర్చీ లేదు. ఒకరి కొలతల కుర్చీ ఇంకొకరికి పనికిరాదు. ఆట మొదలవడానికి అరగంట ఉంది. అప్పుడు సోనాలికి వచ్చిన కోపం ఆ చక్రాల మీదది మాత్రమే కాదు.

"నన్నొక్క మాట అడగాల్నని లేకపాయె? తొమ్మిదేండ్ల సంది గిదే. మంచం ఎటేసుడు, జుట్టెంత కోసుడు, అంతా మీరే. కాళ్లు పోయినయ్ బాపూ, నోరు గూడ పోయిందా నాకు?"

బుచ్చిరాములు చేతిలో రసమట్టం ఇంకా ఉంది, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక ఆ జేబులోంచి ఈ జేబులోకి మార్చాడు.

"నీ మెడ సక్క చెయ్యలేకపోతి బిడ్డా" అన్నాడు చివరికి. "నలభై సాంచాలు సక్క చేస్త, నిన్ను చెయ్యలేకపోతి. కనీసం గీ చక్రాలన్న చేద్దామనుకున్న."

సోనాలికి ఏడ్వడానికి టైము లేదు, జట్టును పిలుస్తున్నారు. "పో, పైన కూసో" అంది మెల్లగా. "ఎవలేమన్నా కిందికి రాకు."

ఆటలో ఎనిమిదేసి నిమిషాల భాగాలు నాలుగు. వచ్చినవాళ్లను జట్లుగా విడదీశారు. సోనాలి జట్టును నడిపేది భీమ్‌రావు, గోల్స్ కొట్టేది దత్తు. మహారాష్ట్ర జట్టులోనూ వాడే. భుజాలు బలం, నోరు అంతకంటే బలం. అవతలి జట్టులో పంజాబ్ నుంచి వచ్చిన ఓ సర్దార్జీ ఉన్నాడు. ఆయన వస్తుంటే కోర్టు చెక్కలు ముందే చెప్పేవి.

మొదటి భాగం సోనాలికి నరకం. కుర్చీ తిన్నగా మాత్రమే పోతుంది. తిప్పాలంటే ఎడ్లబండిని సందులో తిప్పినంత పని. సర్దార్జీని ఆపుదామని వెళ్లేసరికి ఆయన వెళ్లిపోయి ఉంటాడు. ఎంపిక చేసే ముగ్గురూ బల్ల వెనక కూర్చుని ఏదో రాసుకుంటుంటే, రాసేది తన గురించేననిపించింది ఆమెకు. రెండో భాగంలో సర్దార్జీ పక్కనుంచి వచ్చి మామూలుగానే గుద్దాడు. వాలు చక్రాలైతే ఊగి నిలబడేది. ఇది కుర్చీతో సహా పక్కకు ఒరిగి, బెల్టులతో కట్టేసి ఉన్న సోనాలిని నేలకు పడుకోబెట్టింది.

ఈ ఆటలో పడటం వింత కాదు. జట్టువాళ్లు వచ్చి లేపుతారు. కానీ ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికినవాడికి ఒకటే అలవాటు: చప్పుడు తేడాగా వచ్చిందంటే పరుగెత్తుకెళ్లి మిషన్ ఆపాలి. బుచ్చిరాములు మెట్లు దూకి, గీత దాటి, నాలుగు కుర్చీల నడుమ నుంచి కోర్టు మధ్యకు వచ్చేశాడు. "బంద్ కరో! బంద్ కరో!" అని కార్ఖానా గొంతుతో అరుస్తున్నాడు. ఆ గొంతు నలభై సాంచాల మీద వినపడటానికి తయారైంది. హాలంతా నిజంగానే ఆగిపోయింది. రెఫరీ విజిల్ నోట్లోనే ఉండిపోయింది.

"ఎక్కడ తాకింది బిడ్డా?"

"ఎక్కడ తాకలే" అంది సోనాలి నేల మీద నుంచే. నవ్వాలో తిట్టాలో ఆమెకు తెలియలేదు. "బయటికి పో బాపూ. బంద్ చేసుడు నీ పని కాదిక్కడ."

రెఫరీ ఆయన్ను గట్టిగా మందలించి పంపాడు. పేరు కూడా రాసుకున్నారు. భీమ్‌రావు సోనాలిని బయట కూర్చోబెట్టాడు. "గీ కుర్చీల ఆడితే మల్ల పడ్తవ్. బస్, రేహ్నే దే" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకూ మనసొప్పలేదు.

సోనాలి గీత బయట కూర్చుని ఆట చూసింది. సగం ఆట అయిపోయింది, నాలుగు గోల్స్ వెనకబడ్డారు. దత్తు ఎటు వెళ్లినా గోల్ గీత ముందు ముగ్గురు అడ్డుగా నిలబడుతున్నారు. ఇద్దరి మధ్య సందు వదులుతున్నారు. కావాలనే వదులుతున్నారు, ఎందుకంటే కింద చక్రాలు పరుచుకున్న కుర్చీ ఏదీ అందులో పట్టదు. సోనాలి ఆ సందును చూసింది. తన చక్రాల కేసి చూసుకుంది. తన కుర్చీ ఇప్పుడు కింద జానెడు ఇరుకు.

"సార్, నన్ను పంపుండ్రి" అంది.

"పాగల్ హై క్యా?"

"తిరుగ. పక్కకు పోనేపోను. సక్కగ పోత, సందుల దూరుత, ఆడనే ఆగుత. రెండు దిక్కుల కుర్చీలుంటయి, ఎట్ల పడుత?"

భీమ్‌రావు ఓ క్షణం సందు కేసి చూశాడు. తరువాత గట్టిగా నవ్వి మార్పు చేయమని చెయ్యెత్తాడు.

మూడో భాగం మొదలైంది. దత్తు బంతితో కుడివైపు వెళుతున్నట్టు వెళ్లాడు. సోనాలి మధ్యలో నుంచి తిన్నగా వచ్చింది. ఒక పాయింటు అమ్మాయిని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె ఆ సందులో, మగ్గం పోగుల నడుమ నాడె దూరినట్టు దూరి, రెండు కుర్చీల నడుమ ఇరుక్కుని, సర్దార్జీ చక్రంలో కొక్కెం వేసింది. ఆయన వెనక్కి లాగితే పక్కవాడు ముందుకు కదల్లేడు. పక్కవాడు కదిలితే ఈయన తిరగలేడు. ముగ్గురూ ముద్దలా బిగుసుకున్నారు. దత్తు పక్కనుంచి తీరిగ్గా గీత దాటాడు. మళ్లీ అదే. మళ్లీ అదే. వాళ్లు సందు మూస్తే అటు చివర ఖాళీ, తెరిస్తే సోనాలి. సర్దార్జీ చివరికి నవ్వేసి, "ఏ కుడీ, యే గాడీ కిసనే బనాయీ?" అని ఆ బండి చేసినవాడెవరో అడిగాడు. సోనాలికి అప్పటికి ఇంకా కోపం పోలేదు.

పైన జనం "దత్తూ! దత్తూ!" అని అరుస్తున్నారు. వాళ్లలో బుచ్చిరాములు ఒక్కడే దత్తును చూడటం లేదు. గుడ్డ ఎంత దిగిందో సేఠ్ చూస్తాడు. మేస్త్రి కన్ను ఎక్కడ ఏది పట్టి ఉందో దాని మీదే ఉంటుంది. బిడ్డ కొక్కెం పట్టు విడిస్తే గోల్ లేదని రెండోసారికే ఆయనకు అర్థమైంది. పక్కనున్న తెలియని మనిషి మోచెయ్యి పట్టుకుని, "నేసెటోడు వాడు, సాంచ నడిపేది నా బిడ్డ" అన్నాడు. ఆ మనిషికి తెలుగు రాదు. అయినా తలూపాడు.

ఆట ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. బుచ్చిరాములు తల పట్టుకున్నాడు. తన వల్లే ఓడారు, తన వల్లే బిడ్డ క్యాంపు పోయింది. మధ్యాహ్నం కనకవ్వ కట్టిచ్చిన సర్వపిండి డబ్బా మూత కూడా తీయలేదు. సోనాలి ఇంకో రెండు ఆటలు ఆడింది. ఒకదాంట్లో మళ్లీ పడింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, లేవకుండా కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ లేవలేదు.

సాయంత్రం పేర్లు చదివారు. అక్కడి పద్ధతిలో ఇంటిపేరు, మనిషి పేరు, తండ్రి పేరు కలిపి చదువుతారు. దత్తు పేరు నాలుగోది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. సోనాలి నేల చూపులు చూస్తోంది. పదోది చదివారు.

"చిలువేరు సోనాలి బుచ్చిరాములు."

బుచ్చిరాములుకు తన పేరొక్కటే వినిపించింది. పొద్దున కోర్టులోకి దూకినందుకు పిలుస్తున్నారనుకున్నాడు. గబుక్కున లేచి, రెండు చేతులూ జోడించి, హాలంతా వినేటట్టు, "గల్తీ హోగయీ సాబ్! ఫిర్ నహీ ఆవూంగా!" అన్నాడు.

హాలు గొల్లున నవ్వింది. సర్దార్జీ కుర్చీ చక్రాలు బాదుతూ నవ్వాడు. భీమ్‌రావుకు దగ్గొచ్చింది. సోనాలి నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే తండ్రిని రమ్మని చెయ్యూపింది. ఆమె చెప్పాక కూడా ఆయన నమ్మలేదు. కాయితం మీద పేరు చూపించమన్నాడు. చూపించారు. వేలితో ఒక్కో అక్షరం తడిమాడు.

పెద్ద సెలెక్టర్ సోనాలితో ఒకటే మాట అన్నాడు. "సందు నువ్వు కనిపెట్టావు. క్యాంపులో మాత్రం ఈ చక్రాలు నడవవు, అక్కడ తిరగాలి. పదిహేను రోజుల్లో సరిచేయించుకుని రా."

మరుసటి శుక్రవారం అంకుశం లేత్ షాపులో ముగ్గురున్నారు. సోనాలి రోజువారీ కుర్చీలో, ఆట కుర్చీ బల్ల మీద, చక్రాలు విప్పి పక్కన. బుచ్చిరాములు కొత్త అల్యూమినియం కడ్డీని లేత్‌కు బిగించాడు. స్విచ్ మీద చెయ్యి పెట్టాడు, వేయలేదు. వెనక్కి తిరిగాడు.

"ఎంత వంచాలె బిడ్డా?"

సోనాలి తండ్రి మొహం కేసి చూసింది. అంకుశం తనకేదో పనున్నట్టు అటు తిరిగి పానాలు సర్దుకున్నాడు.

"పద్దెనిమిది డిగ్రీలు" అంది.

"గంతనా?"

"గంతనే."

ఆయన కొలిచాడు, గీత గీశాడు, మళ్లీ కొలిచాడు. నిటారుగా ఉన్నదాన్ని చేజేతులా వంకర చేయడం ఆ చేతులకు అలవాటు లేని పని. కడ్డీ మీద పనిముట్టు ఆనేటప్పుడు ఆయన పెదవి పళ్ల కింద నొక్కుకున్నాడు. ఎడమ బుష్షు తయారైంది. వేడిగా ఉన్నదాన్ని గుడ్డలో పట్టుకుని ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె అరచేతుల మధ్య పెట్టి తిప్పి చూసి, బాగుందన్నట్టు తలూపింది.

రెండో కడ్డీ బిగించాడు. రెండు పక్కలా ఒక్కటే వాలు ఉండాలని అక్కడున్న ముగ్గురికీ తెలుసు, పుట్టినప్పటి నుంచి మిషన్ల మధ్య ఉన్న ఆయనకు ఇంకా బాగా తెలుసు. అయినా స్విచ్ వేయకుండా, వెనక్కి తిరిగి అడిగాడు.

"కుడిది గూడ గంతేనా?"

"అవ్ బాపూ" అంది సోనాలి. "అది గూడ గంతే."